అత్తగారికీ పిల్లికీ ఒకటే మర్యాదా?

2023 ఎండాకాలం నాటి సంగతి ఇది. గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర్లో, మేడ మీద ఒక గదిలో స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. యార్డు వైపు నుంచి గాలి వీస్తే చాలు, పాఠం ఆపి అందరం తుమ్ముకోవాల్సిందే. ఇన్నేళ్లలో నా దగ్గర చదివినవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, నాతో వాదించి గెలిచింది మాత్రం ఒక్క మార్తమ్మే. ఆవిడ నా స్టూడెంట్ కూడా కాదు.

స్టూడెంట్ ఆవిడ కోడలు సునీత. మిర్చి ఎగుమతి చేసే ఒక కంపెనీలో, బయటి దేశాల వ్యాపారులతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. క్లాసులో చేర్పించింది అత్తే. "మిరపకాయల తొడిమలు తీసీ తీసీ నా చేతులు మండిపోయినయ్యి మేడంగారూ. ఇప్పుడిది కూడా ఆ పనికే వస్తంది. దీని చేతులన్నా మండకూడదు," అని మొదటి రోజే చెప్పింది. పని దిగాక ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. క్లాసు అయ్యేదాకా మార్తమ్మ వెనక బెంచీలో కూర్చునేది.

అప్పుడు నేను అగ్రిమెంట్ చెబుతున్నాను. అంటే కర్తకు తగ్గ క్రియ వాడటం: ఒక్కరైతే ఈజ్, ఎక్కువమందైతే ఆర్. ఇందులో కొన్ని తిరకాసు నామవాచకాలు ఉంటాయి. 'న్యూస్' చివర ఎస్ ఉన్నా ఈజే. 'పీపుల్'కు ఎస్ లేకపోయినా ఆర్. చేతిలో ఉన్నది ఒక్క కత్తెరే అయినా 'సిజర్స్ ఆర్'. వీటన్నిటిలో సునీతది నల్లేరు మీద బండి నడకే. ఇంట్లోవాళ్ల గురించి చెప్పమన్నప్పుడే ఆ బండి కూరుకుపోయింది.

"మై మదరిన్‌లా ఆర్ ఎ వర్కర్."

"ఈజ్," అన్నాను.

సునీత వెనక్కి ఒక చూపు చూసి, మళ్లీ "ఆర్" అంది.

"నీకు అత్తగార్లు ఎంతమందమ్మా?"

"ఒక్కరేనండి. కానీ 'అత్తయ్య వచ్చారు' అంటాం గానీ 'వచ్చింది' అనం కదండీ."

వెనక బెంచీలోంచి మార్తమ్మ లేచింది. "ఇందాక పిల్లికి ఏం చెప్పారు మేడంగారూ?"

"క్యాట్ ఈజ్."

"మరి నాకూ అదేనా? పిల్లికీ నాకూ ఒకటే మర్యాదా?"

క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. అందుకని బ్రహ్మాస్త్రమే తీశాను. "అమ్మా, ఇంగ్లిష్‌లో దేవుడికే ఈజ్ అంటారు. గాడ్ ఈజ్ లవ్. ఆటోల మీద కూడా రాసుంటుంది చూడండి."

ఆవిడ కాస్త కూడా తడబడలేదు. "ప్రార్థనలో దేవుణ్ణి నువ్వనే అంటాంగా. ఆయన ఏమీ అనుకోడు. కోడలు నన్ను నువ్వంటే ఊరుకుంటానా?"

 అదృష్టవశాత్తూ అప్పుడే యార్డు గాలి వీచింది. తుమ్ములతో క్లాసు ముగించాను.

ఇంటర్వ్యూ రోజు నాకే కంగారు పట్టుకుంది. ఈజ్ అంటే ఇంట్లో గొడవ, ఆర్ అంటే ఉద్యోగం గోవిందా. పైగా మార్తమ్మ తోడు వెళ్లి, తెరిచున్న తలుపు పక్కనే కూర్చుందట. కుటుంబం గురించి చెప్పమని మేనేజరు అడగగానే, సునీత తలుపు వైపు చూసి గుక్క తిప్పుకోకుండా చెప్పిందట: "మై మదరిన్‌లా అండ్ ఐ ఆర్ ఎ టీమ్."

'అండ్'తో ఇద్దరిని కలిపితే ఆర్ వస్తుందని నేర్పింది నేనే. దాన్ని ఇలా వాడుకోవచ్చని మాత్రం నాకు తట్టలేదు.

ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రమే ఇద్దరూ మెట్లెక్కి వచ్చి ఈ సంగతి చెప్పారు. నేను సంతోషం పట్టలేకపోయాను. మార్తమ్మకు ఇంకా ఒక అనుమానం మిగిలింది.

"ఆర్ అన్నది నాకు వినపడింది మేడంగారూ. బానే ఉంది. నా పక్కన ఆ 'ఐ' ఎవరు?"

"నేనే అత్తయ్యా," అంది సునీత.

మార్తమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎర్రబడ్డ వేళ్లు నిమిరింది. "సర్లే. పక్కనే ఉండు," అంది.

అప్పటినుంచి నా దగ్గరికి వచ్చే కోడళ్లకు న్యూస్, కత్తెరల సంగతి తర్వాత, ముందు 'అండ్ ఐ' నేర్పుతున్నాను. వెనక బెంచీలో అత్తగారు కూర్చుని ఉంటే మాత్రం పిల్లి ఊసెత్తను.