సుక్కను వెనక్కి తీసుకున్న ఆదివారం

మొన్న మధ్యాహ్నం మేడ్చల్‌లో మా అన్న ఇంటికి వెళ్ళి ఇంకా చెప్పులు విడవకముందే, పదో తరగతి చదివే మేనకోడలు ఫోను పట్టుకుని ఎదురొచ్చి, తనకు ఒక దాడి జట్టు కట్టిపెట్టమని అడిగింది. రాకాసి జంతువులను పెంచి ఎదుటివాళ్ళ వాటితో కొట్లాడించే ఆట అది. ఆరింటిని ఎంచుకోవాలి, ఒక్కొక్కదానికి నాలుగు విద్యలు నేర్పాలి, అవతలి ఆరింటినీ పడగొట్టాలి. అత్త పడుచుతనంలో ఇలాంటి ఆటలో పందేనికి కూడా దిగిందని మా అన్న ఎప్పుడో చెప్పాడట, ఆ పిల్ల అది మనసులో పెట్టుకుంది. ఆ చిన్న తెర మీద రంగురంగుల కొమ్ములూ తోకలూ కదులుతుంటే నాకు కూర్చున్నచోట కాలు నిలవలేదు, లేచి నీళ్ళు తాగొచ్చాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను.

నాకు కుదురు లేదు, చిన్నప్పటి నుంచీ లేదు. అన్నం ఉడుకుతుంటే మూత తీసి చూసే రకాన్ని, బస్సు ఆగకముందే మెట్టు మీదికొచ్చి నిలబడే రకాన్ని, అందుకు అమ్మ చేత తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ నేర్చుకుంటే చాలు ఇక బతుక్కి ఢోకా లేదని ఊరూరా అందరూ నమ్మిన రోజులవి. ఇంటర్ అయిపోయిన నన్ను కూడా మేడ్చల్ బస్సు డిపో దగ్గర, జిరాక్స్ దుకాణం పైన ఉండే కంప్యూటర్ సెంటర్‌లో చేర్పించారు. గది బయట చెప్పులు విడిచి, లోపలి మిషన్ల మీద పూలపూల గుడ్డ కప్పులు తీసి మడతపెట్టి, బొట్టు పెట్టిన మానిటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఆ గదిలోకి వెళ్ళేముందు నేను రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునేదాన్ని, ఎందుకంటే మాది జీవాల ఇల్లు, గొర్రెలూ మేకలూ కలిసిన మంద, ఎంత కడిగినా ఆ వాసన నా చేతుల్ని వదిలేది కాదు.

మా ఇల్లు అప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే రోడ్డు పక్కన ఉండేది, ఇంటి వెనకే దొడ్డి. మందలో ఎన్ని ఉన్నా పేర్లున్నవి నాలుగైదే. ఇది మా అవ్వ పెట్టిన కట్టుబాటు. పేరు పెట్టినదాన్ని అమ్మరాదు, కొయ్యరాదు, అది ముసలిదై దొడ్డిలోనే పోవాలి. చిన్నతనంలో నేను కనిపించిన ప్రతి పిల్లకూ పేరు పెట్టబోతే అవ్వ నా నెత్తి మీద ఒకటిచ్చి, పొయ్యేదానికి పేరెందుకే అని కసురుకునేది. అవ్వ పోయాక కూడా మా బాపు ఆ కట్టుబాటు తప్పలేదు. అలా పేరున్న వాటిలో పెద్దది సుక్క, నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న నల్లమేక, మెడలో ఇత్తడి గంట. బాపు ఎంత అదిలించినా కదలని మంద సుక్క గంట మోగితే మాత్రం కదిలేది. రోడ్డు దాటాలన్నా, వాగులో దిగాలన్నా ముందు సుక్క, వెనక మిగతావన్నీ, అన్నిటికీ చివర గొంగడి భుజాన వేసుకుని బాపు.

ఇక సెంటర్ సంగతికొస్తే, అక్కడి సారు పాఠం అయిపోయాక కుదురుగా కూర్చున్నవాళ్ళను ఆ రాకాసి జంతువుల ఆట ఆడుకోనిచ్చేవాడు. రెండు మిషన్ల మధ్య వైరు వేస్తే ఇద్దరు ఎదురెదురుగా ఆడొచ్చు. కుదురుగా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదని మీకు ఇప్పటికే తెలుసు, కానీ ఆ ఆట కోసం కూర్చున్నాను. మొదట్లో మగపిల్లలు నన్ను చూసి నవ్వారు. నేను వచ్చీరాగానే కొట్టేదాన్ని, నా జంతువు దెబ్బ తింటే వెంటనే మార్చి ఇంకోదాన్ని తెచ్చి దానితోనూ కొట్టేదాన్ని, చూస్తుండగానే ఆరూ పడిపోయేవి. సారు ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, తొందర తప్పు కాదు గానీ తొందరకు కూడా ఒక వరస ఉంటుందని చెప్పాడు. దాడి జట్టులో ముందు వచ్చేది గెలవడానికి రాదట. అది అవతలి నేలంతా ముళ్ళు పరిచి, దెబ్బ తిని, పడిపోవాలి. అది పడ్డప్పుడే దాని వెనకది ఒక్క దెబ్బ కూడా తినకుండా లోపలికి వస్తుంది, వచ్చి బలం పెంచుకుని అందరినీ ఊడ్చేస్తుంది. ముందుదాన్ని కాపాడాలని మధ్యలో వెనక్కి తీసుకుంటే, దానికి తగలాల్సిన దెబ్బ కొత్తగా వచ్చినదానికి తగులుతుంది, ఇక ఆ జట్టు పని అంతే. నాకు ఇది అర్థమైన రోజున బస్సు దిగి ఇంటికి నడవలేదు, దాదాపు ఉరికాను.

ఆ తరవాత రెండు నెలలు నాకు వేరే ధ్యాస లేదు. మేకల వెంట నడుస్తూ మనసులో జట్టు కట్టేదాన్ని. ముందు ముళ్ళు పరిచేది, దాని వెనక నిప్పు కొమ్ముల పొట్టేలు లాంటిది, నీళ్ళ జాతి ఎదురైతే దాన్ని కొట్టడానికి ఒక పిడుగుది, రాతిజాతికి ఒక ఆకుజాతిది. ఒక్కటి మారిస్తే మిగతా అయిదూ మార్చాల్సి వచ్చేది, అన్నీ మార్చాక మొదటిదే బాగుందనిపించేది. అమ్మ పిలిస్తే పలికేదాన్ని కాను. ఒకసారి ఆలోచనలో పడి సగం మందను ఎవరిదో మక్కచేనులోకి తోలాను, ఆ రైతు తిట్టిన తిట్లు రాయడానికి పనికిరావు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో మాట మొదలైంది. అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, అన్న సికింద్రాబాద్ వైపు ఆటో తోలుకోవడానికి పోయాడు, ఇక మంద వెంట బాపుకు తోడు ఎవరున్నారు, నేనే. నెల తిరిగాక సెంటర్ మానెయ్యమన్నారు. నేను రెండు రోజులు అన్నం మీద అలిగాను. మూడో రోజు సారు చెప్పిన పందెం గుర్తొచ్చింది. మేడ్చల్, అల్వాల్, గండిమైసమ్మ దగ్గరి సెంటర్ల పిల్లలందరికీ మా సెంటర్‌లోనే ఆదివారం పొద్దున ఆటల పందెం పెడుతున్నారు. బాపూ, నువ్వొచ్చి చూడు, నేను గెలిస్తే సెంటర్ మాన్పించొద్దు అన్నాను. బాపు బీడీ ఆర్పి చాలాసేపు దొడ్డి వైపు చూసి, "గెలిస్తె సూద్దాం తియ్ బిడ్డ, జీవాల కాడికి నేనొక్కన్నే వోత" అన్నాడు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. ఆ నెలలోనే మా మంద మేసే బీళ్ళలో వరసగా సున్నం పూసిన హద్దురాళ్ళు మొలిచాయి, నేను వాటిని చూశాను, వాటి పక్క నుంచే నడిచాను, అయినా వాటి గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు.

పందేనికి ముందురోజు ఒక తప్పు చేశాను, అది జీవాల ఇంట్లో పుట్టిన పిల్ల మాత్రమే చేయగల తప్పు. ఆ ఆటలో జంతువులకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. రేపు బాపు వస్తాడు, ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు రావు, సారు పేర్లు చదువుతుంటే ఆయనకు ఏది ఏదో తెలియాలి కదా అనుకుని, నా ఆరింటికీ మా ఇంటి పేర్లే పెట్టాను. నిప్పు కొమ్ముల దానికి దొర అని పేరు, అది మా పొట్టేలుది. అన్నిటికన్నా ముందు నడిచేది కాబట్టి, ముళ్ళు పరిచి పడిపోవలసిన దానికి సుక్క అని పెట్టాను.

ఆదివారం తెల్లవారగానే మొదటి బస్సుకు వెళ్ళిపోయాను. మొదటి రెండు ఆటలు ఎలా గెలిచానో నాకే తెలియదు. అవి ఆడినంతసేపూ సుక్క ముళ్ళు పరుస్తుంది, పడిపోతుంది, నేను కళ్ళు చిట్లించుకుని చూస్తాను, దొర వస్తుంది, ఊడ్చేస్తుంది. బాపు ఇంకా రాలేదు. నేను ప్రతి ఆటకూ మధ్య మెట్ల దాకా వెళ్ళి తొంగిచూసి వస్తున్నాను. చివరి ఆట అల్వాల్ నుంచి వచ్చిన ఒక నెమ్మదస్తుడితో పడింది. అతని జట్టంతా గోడలాంటి జంతువులే, తిన్న దెబ్బ మాన్పుకుంటూ, ఎదుటివాణ్ణి విసిగించి చంపే రకం. నాకు అలాంటివాళ్ళంటే ఇప్పటికీ పడదు. ఆట మొదలవబోతుండగా గుమ్మంలో బాపు కనిపించాడు. చెప్పులు బయట విడిచి, గొంగడి మడిచి చంకలో పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖం ఏదోలా ఉంది. ఇంతమంది చదువుకున్న పిల్లల మధ్య బెరుకుగా ఉందేమో అనుకున్నాను.

సుక్క బరిలోకి వచ్చింది అని సారు గట్టిగా చదివాడు. నేను బాపు వైపు చూశాను. సుక్క ముళ్ళు పరిచింది. అవతలిది ఒక దెబ్బ కొట్టింది. సుక్కకు కొంచెం ప్రాణమే మిగిలింది, ఇక ఒక్క దెబ్బతో పడిపోతుంది, పడిపోవాలి, అదే లెక్క. రెండు నెలలు నేను కట్టుకున్న జట్టంతా ఆ పడటం మీదే నిలబడి ఉంది. నా వేలు మీట మీద ఉంది. కానీ బాపు కళ్ళ ముందు, సుక్క అనే పేరున్నదాన్ని, నా చేత్తో చావుకు వదిలిపెట్టడం నాకు చేతకాలేదు. వెనక్కి తీసుకున్నాను. సారు అయ్యో అన్నాడు. సుక్కకు తగలాల్సిన దెబ్బ వస్తూవస్తూనే దొరకు తగిలింది. అప్పుడు తలెత్తి చూస్తే గుమ్మంలో బాపు లేడు. బిడ్డకు ఆడటం రాదని సిగ్గుపడి వెళ్ళిపోయాడనుకున్నాను. ఆ తరవాత ఏం నొక్కానో నాకు తెలియదు, ఎలాగైనా ఆట అయిపోతే చాలు కిందికి ఉరుకుదామని చేతికొచ్చింది నొక్కాను, ఓడిపోయాను.

బాపు డిపో ప్రహరీ మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము పడిందన్నాడు. ఓడిపోయానని చెప్పాను. ఆయన నా చేయి పట్టుకుని, "దాన్ని ఎనుకకు తీస్కున్నవ్ గద బిడ్డ, మంచిగ జేసినవ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఓడిపోయినదాన్ని మంచిగ జేసినవ్ అంటారా ఎవరైనా, ఆట తెలియని మనిషి ఓదార్పు మాట అనుకుని బస్సులో దారిపొడుగునా కిటికీ వైపే ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుందామని వెనక్కి వెళితే దొడ్డి ఖాళీగా ఉంది. తలుపు బార్లా తెరిచి ఉంది, నేల మీద లారీ టైర్ల గుర్తులు, గుంజకున్న మేకుకు వేలాడుతున్న ఇత్తడి గంట. బీళ్ళకు కంచె పడుతోందని, ఇక మేపడానికి జాగా లేదని, పొద్దున మందనంతా ఒక్క బేరగాడికే అమ్మేశాడని అమ్మ చెప్పింది. పేరున్నవాటిని ఉంచుకుంటానని బాపు బతిమాలాడట. కానీ ముందు నడిచేది లేకుండా ఒక్క జీవం కూడా లారీ ఎక్కలేదు. చివరికి బాపే సుక్క మెడలో గంట విప్పి, దాన్ని చెక్కపలక మీద నడిపించి లారీలోకి ఎక్కించాడట. దాని వెనక, పేరున్నవాటితో సహా, మిగతావన్నీ వాటంతటవే ఎక్కాయి. లారీ కదిలాక ఇంట్లో నిలవలేక, ఇచ్చిన మాట కూడా ఉందని, నా ఆట చూడటానికి మేడ్చల్ వచ్చాడు.

నేను సెంటర్ మానలేదు. గెలవకపోయినా మానాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఇక వెంట నడవడానికి మంద లేదు. ఆ చదువుతోనే ఉద్యోగం వచ్చింది, ఇరవై ఏళ్ళుగా తెర ముందే కూర్చుని తింటున్నాను. బీళ్ళకు కంచె పడటం నిజమే, నేనే చూశాను. కానీ ఇంకొన్నాళ్ళు ఎక్కడో ఒకచోట మేపుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు, మా వైపు వాళ్ళు తూంకుంట దాటి కూడా తోలుకుపోయారు. ఆ ఆదివారమే ఎందుకు అమ్మాడు, నేను గెలుస్తానో లేదోనని నా కోసమే అమ్మాడా అని అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అవునంటే ఎలా బతకాలో తెలియక అడగలేదు.

మేనకోడలికి జట్టు కట్టిచ్చాను. చేతులు ఇంకా మరిచిపోలేదు. అన్నీ అయ్యాక, ముందు వచ్చేదానికి ఏదైనా పేరు పెట్టమని చెప్పాను. ఆ పిల్ల పుట్టాక మా ఇంట్లో మేక లేదు, అవ్వను అది ఫోటోలో తప్ప చూడలేదు. తెర మీది నుంచి తల ఎత్తకుండానే, "పొయ్యేదానికి పేరెందుకత్త" అంది. అది ఆట మొదలుపెట్టింది, ముందుది ముళ్ళు పరిచింది, పడింది, వెనకది వచ్చి అందరినీ ఊడ్చేసింది. బాగా కట్టావత్తా అని మెచ్చుకుంది కూడా.

ఇప్పుడు ఆ బీళ్ళలో వరసగా ఒకేలా ఉన్న ఇళ్ళున్నాయి, వాటికి నంబర్లున్నాయి. ఇత్తడి గంటను మా అన్న ఇనుప గేటుకు కట్టాడు, ఎవరు వచ్చినా మోగుతుంది. ముందు గదిలో కునుకు తీస్తున్న మా బాపు ఆ సాయంత్రం కూడా, పాలవాడు గేటు తీయగానే, డెబ్బై ఏళ్ళ మనిషి, కళ్ళు తెరవకుండానే భుజం మీద లేని గొంగడిని సర్దుకుని లేచి కూర్చున్నాడు. ఇప్పుడైనా అడుగుదామని ఆయన దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి, పోతున్నవా బిడ్డ, ఇంకాసేపు కూసో అన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎక్కడా కుదురుగా కూర్చోని నేను, ఆయన పక్కన కూర్చుని, పొద్దుగుంకేదాకా ఏమీ అడగకుండా ఉండిపోయాను.