సినిమా ఆపినా ఆగని చప్పుడు

నోయిడాలోని మా ఫ్లాట్‌లో మా ఆయన ముచ్చటపడి హోమ్ థియేటర్ పెట్టించారు. సినిమా మొదలవగానే లైట్లు ఆరిపోయేలా, రొద చేస్తోందని ఎయిర్ ప్యూరిఫయర్ కూడా ఆగిపోయేలా కంప్యూటర్లో ప్రోగ్రాం పెట్టారు. పోయిన నవంబరులో, బయట పొగ కమ్మిన ఆదివారం మధ్యాహ్నం దెయ్యం సినిమా చూస్తున్నాం. వెనక నుంచి సన్నగా పిల్లికూతలు వినపడ్డాయి.

"చూశావా, వెనక స్పీకర్ ఎంత బాగా పలుకుతోందో!" అన్నారాయన మురిసిపోతూ.

నాకెందుకో అనుమానమొచ్చి సినిమా ఆపించాను. చప్పుడు ఆగలేదు. లైటు వేసి చూస్తే, వెనక సోఫాలో ఆస్తమా ఉన్న మా పాప పెదాలు నీలంగా మారాయి.

"మమ్మీ, సాంస్ నహీ ఆ రహీ" అంది ఊపిరందక.

ఐసీయూలో ఉంచి బతికించారు. ఇప్పుడు సినిమా చూస్తే ప్యూరిఫయర్ హోరులో సగం మాటలు వినపడవు. కరెంటు పోయి ఆ హోరు ఆగిందంటే మాత్రం ఇద్దరం పాప దగ్గరికి పరిగెడతాం.