అత్తగారు దిష్టి తీసిన ఎక్స్‌రే

దగ్గరికి జరిగి కూర్చోండి. చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ విన్నా నాకు పట్టింపు లేదు, విన్నారంటే చాలు. బస్సు గుద్దితే నష్టపరిహారం ఎలా వస్తుందో చెబుతాను. చదివింది మూడో తరగతే కానీ, ఈ సంగతి మాత్రం నాకు కంఠతా వచ్చు.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయన కలకత్తా కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేవాడు. భవానీపూర్‌లో మా లైనిళ్ళ నిండా మనవాళ్ళే, అందరిదీ అదే పని. ఒక పొద్దున ఆయన రోడ్డు వార ఊడుస్తుంటే మినీబస్సు వెనకనుంచి వచ్చి గుద్దింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. చీపురుకేమీ కాలేదు. పోతే మేస్త్రీ తిడతాడని దాన్ని ఆసుపత్రి దాకా వదల్లేదు మా ఆయన.

ఆ కాలితో చెత్తబండి ఇక తొయ్యలేడు. పరిహారం వస్తే కూర్చుని చేసుకునేలా వీధి చివర ఇడ్లీ కొట్టు పెడదామన్నది మా ఆశంతా.

మా వకీలుబాబు పల్చటి మనిషి, గొంతు మాత్రం లావు. అక్కడ వదినను బౌది అంటారు. "బౌదీ, కోర్టు కన్నీళ్ళు చూడదు, కాగితాలు చూస్తుంది" అన్నారు మొదటి రోజే. పోలీసు కాగితం, ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, మందుల బిల్లులు, ఏ ఒక్కటీ పోకూడదన్నారు. అన్నీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి మంచం కింద దాచాను. తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. ఒకసారి బంద్, ఒకసారి జడ్జిగారి సెలవు, ఒకసారి ఎందుకో ఎవరికీ తెలీదు. మీ కేసైనా ఇంతే, కంగారు పడకండి. చివరికి ఒక గురువారం అసలు కాగితాలు పట్టుకు రమ్మన్నారు.

మంగళవారం మంచం కింద చూస్తే సంచి లేదు.

"అత్తా, ఇక్కడి సంచేదీ?"

"ఆ దిక్కుమాలిన ఎముకల బొమ్మ సంచేనా? పారీసినాను."

"పారీసినావా!"

"మరేటి? పిండికట్టు ఇప్పినా ఆడు కుంటతానే ఉన్నాడు. ఇరిగిన కాలు బొమ్మ ఇంట్లో ఎట్టుకుంటే కాలెలా కుదురుతాది? ఆదోరం ఆ బొమ్మకి పసుపు రాసి, దిష్టి తీసి మూడు దార్ల కాడ ఎట్టీసినాను."

రోగం వదలాలంటే రోగి సామాను దిష్టి తీసి కూడలిలో వదిలేయడం మా ఆనవాయితీ. కానీ రోజూ ఊడ్చే కూడలి అది! చెత్త లారీ ఎత్తుకుపోయి ఉంటుందని ఏడుస్తూ పరుగెత్తాను.

వెళ్ళి చూద్దును కదా, కూడలంతా అద్దంలా ఊడ్చి ఉంది. మధ్యలో గుండ్రంగా, బండి చక్రమంత మేర చీపురు తగల్లేదు. రెండు రోజుల దుమ్ములో, పగిలిన కుండ పక్కన, నిమ్మకాయ నెత్తిన పెట్టుకుని మా సంచి! అక్కడ ఊడ్చేది మా లైనిళ్ళ కుర్రాడే.

"ఏటి తమ్ముడూ, ఇది తియ్యనేదా?"

"నాకేటి మతి పోనాదా అక్కా? ఎవుడి కాలు దిష్టో ఏటో! తొక్కితే నాకంటుకోదూ?"

అతని భయమే మా కాగితాలను కాచింది. అయితే ఇప్పుడు తీసేదెవరు? నాకూ చెయ్యి రాలేదు. టీ కొట్టు దగ్గర యూనియన్ నాయకుడు ఉన్నాడు, అక్కడి మాటలో అందరికీ దాదా, అంటే అన్న. మూఢనమ్మకాల మీద మైకు పగిలేలా ఉపన్యాసాలిచ్చే మనిషి.

"దాదా, మీకు పట్టింపుల్లేవు కదా, ఆ సంచి కాస్త అందివ్వండి" అన్నాను.

ఆయన వచ్చి, వంగి, నిమ్మకాయకు గుచ్చిన మేకులు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"బౌదీ, ఇలాంటివి ఒక్కడు నిర్ణయించకూడదు. కమిటీలో పెడదాం."

ఇంతలో అత్తగారే వచ్చింది. సంచి లేకపోతే గురువారం కేసు పోతుందని, ఇడ్లీ కొట్టు ఉండదని చెప్పాను. అత్తగారు కొంగు నడుముకు బిగించింది.

"కన్నతల్లికి కొడుకు దిష్టి తగుల్తాదేటి? తప్పుకోండర్రా!" అని ఆ దుమ్ము గుండ్రంలోకి అడుగేసి, సంచి ఎత్తి చంకన పెట్టుకుంది. ఇంటికొచ్చాక మాత్రం కుడికాలు పట్టేసిందని రెండు రోజులు మా ఆయనకంటే ఎక్కువ కుంటింది.

గురువారం బస్సు బీమా వాళ్ళ వకీలు మా ఆయన్ని నిలదీశాడు. "బస్సు రావడం చూశావా?"

"ఈపుతో ఎలా సూత్తాను బాబూ?"

ఆ వకీలు ఎక్స్‌రే చేతిలోకి తీసుకుని, "ఈ పసుపు మరకలేమిటి? ఇది నకిలీ!" అన్నాడు.

వెనక బల్ల మీంచి అత్తగారు అరిచింది. "దిష్టి తీసినది బాబూ! ముట్టుకున్నోల్లకి కాలు లాగుతాది. నాది సూడు!"

మా వకీలుబాబు లావుపాటి గొంతుతో దాన్ని బెంగాలీలో చెప్పారు. బీమా వకీలు రెండు వేళ్ళతో ఎక్స్‌రేని మెల్లగా బల్ల మీద పెట్టి, చెయ్యి కోటుకు తుడుచుకున్నాడు.

"ఎక్స్‌రే గురించి ఇక అడిగేదేమీ లేదు."

జడ్జిగారు నవ్వాపుకుంటూ రాసుకున్నారు. ఇంకో మూడు వాయిదాల తర్వాత తీర్పు మా వైపే వచ్చింది, పరిహారం చేతికందింది. మా ఆయన పీట వేసుకుని ఇడ్లీ రేకుల ముందు కూర్చున్నాడు.

మీ ఇంటిల్లిపాదీ గట్టి కాళ్ళతో తిరగాలి. పొద్దున బయటికెళ్ళినవాళ్ళు సాయంత్రం నవ్వుతూ గడప దాటి లోపలికి రావాలి. మీ పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూ ఉండాలి.