సగం దూలం గంగాధరరావు

సగం పని చేసి పూర్తి పేరు కొట్టేసే విద్య గంగాధరరావుకు ఉద్యోగంలో చేరిననాడే అబ్బింది. పంతొమ్మిది వందల డెబ్బై మూడు నాటికి నాచారంలోని ఆ ఫ్యాక్టరీలో డిజైన్ విభాగానికి ఆయనే పెద్ద.

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి వచ్చాక ఆయన పంట పండింది. ఉక్కు దూలాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊహించి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టించడం ఆ పద్ధతి. కంప్యూటర్ వేరే సంస్థలో ఉండేది. లెక్క వివరాలు చిల్లులుగా పొడిచిన కార్డుల కట్ట పట్టుకెళ్ళి, అక్కడివాళ్ళను బతిమాలుకోవాలి. దూలం రెండు వైపులా ఒకేలా ఉంటే సగం లెక్కిస్తే చాలు, మిగతా సగం అద్దంలో బొమ్మ. ఆ ఒక్క కిటుకుతో ఆయన సెమినార్లు ఏలాడు.

ఫ్యాక్టరీలో పనిచేసే తల్లుల పిల్లల్ని ఉంచే గది కప్పు మీద నీళ్ళ ట్యాంకు కట్టారు. దాన్ని మోసే ఉక్కు దూలాన్ని గంగాధరరావు ఎప్పటిలాగే సగమే లెక్కించి, భేషుగ్గా మోస్తుందన్నాడు.

ఆయన కింద ఇంజినీరు అరుణకుమారి. ఉప్పల్ నుంచి బస్సులో చంకనేసుకొచ్చే ఆమె పాప ఆ గదిలోనే ఉయ్యాలలో ఉండేది. పాలివ్వడానికి వెళ్ళి పైకి చూస్తే, దూలం ఒక చివర పళ్ళెమంత కన్నం.

“ఇదెప్పుడు కోసిన్రు మార్తమ్మా?” అని ఆయాను అడిగింది.

“మొన్ననే బిడ్డా. ట్యాంకు పైపు పోవాలె గద. పెద్దసారే నిలబడి కోయించిండు.”

పెద్దసారంటే గంగాధరరావే. ఆయన లెక్కించింది కన్నం లేని సగాన్ని. అరుణకుమారి నేరుగా ఆయన గదికి వెళ్ళింది.

“సార్, కన్నం ఒక పక్కనే ఉంది. దూలం మొత్తం లెక్కించాలె. కన్నం చుట్టూ చిన్న ముక్కలు, మిగతాచోట పెద్దవి పెడితే మెషీన్‌కు భారం కాదు.”

“కన్నం పెడితే దూలం తేలికవుతుంది కదమ్మా, మంచిదేగా. పసిబిడ్డ తల్లివి, నీకన్నీ భయాలే.”

“అయితే రేపు ట్యాంకు నింపేటప్పుడు మీ కుర్చీ ఆ కన్నం కింద వేయిస్త సార్. పాపను మీ ఒళ్ళోనే పెట్టి పోత.”

గంగాధరరావు కళ్ళజోడు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

“ట్యాంకు నింపడం ఓ వారం ఆపమందాం. ఈలోగా నువ్వూ నాలుగు ముక్కలు నేర్చుకుంటావు.”

అరుణకుమారి చేయించిన పూర్తి లెక్కలో కన్నం దగ్గర ఒత్తిడి ఉక్కు ఓర్వగలిగిన హద్దు దాటింది. చుట్టూ దళసరి ప్లేట్లు వెల్డింగు చేయించాల్సి వచ్చింది. ఆ పని జరుగుతున్నంతసేపు ఆయన గుమ్మం బయటే నిలబడి సలహాలిచ్చాడు. వెల్డింగును అంగుళం అంగుళం తడిమి చూశాకే అరుణకుమారి పాపను మళ్ళీ ఆ గదిలో పడుకోబెట్టింది. ట్యాంకు నింపిన రోజున గంగాధరరావు సెలవు పెట్టాడు.