బాతులు దారి ఇచ్చిన పొద్దు

దయ్యాల మాట మా ఇంట్లో ఎప్పుడూ లేదు. తాతల నాటి నుంచి చర్చికి పోయే కుటుంబం మాది. పైగా బళ్లారి కౌల్ బజార్‌లో కళ్లద్దాల అంగడి నాది. మనిషి చూపు ఎంత సులువుగా మోసపోతుందో రోజూ చూసేవాణ్ణి. అందుకే ఈ సంగతి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

సెలవు దొరికితే పక్షుల్ని చూడటం నా సరదా. కప్పగల్లు వైపు మా రాహేలక్క పొలం పక్కన చిన్న చెరువు ఉండేది. చలి మొదలయ్యాక హిమాలయాల అవతలి నుంచి పట్టెతల బాతులు వచ్చేవి. బూడిద రంగు ఒళ్లు, తెల్లటి తల, తల వెనక రెండు నల్ల చారలు. పొద్దున్నే, కోతలైన వరి మడిలో మేసేవి. మహా పిరికివి. నేను గట్టు దిగితే చాలు, గుంపంతా లేచిపోయేది.

అక్కకి మాత్రం లేచేవి కావు. ఆమె బట్టల తట్ట నెత్తిన పెట్టుకుని వాటి మధ్య నుంచే చెరువుకి నడిచేది. అవి పక్కకి జరిగి, ఆమె దాటగానే మళ్లీ కలిసిపోయి మేసేవి. ఎట్లా అని అడిగితే నవ్వేది.

"నేనేమన్నా వాటిని సూస్తానా ఏంది? నా పని మీద నేను పోతాండా."

మైనింగ్ లారీలు తెంపు లేకుండా తిరిగే రోజులవి. ఇనుప ఖనిజం దుమ్ముకి రోడ్డు పక్క వేపాకులు కూడా ఎర్రగా ఉండేవి. ఆ వానాకాలం, పాలు పోసి వస్తున్న అక్కని లారీ గుద్దింది. ఆస్పత్రికి చేరకముందే పోయింది.

బావ మళ్లీ పొలం మొహం చూడలేదు. పంట పక్కవాళ్లే కోశారు. ఖనిజం కుప్పలు పోసుకోవడానికి ఎవరో అడిగితే ఇచ్చేస్తానన్నాడు.

"బాతులొచ్చినాయి. ఒక్కసారి సూసి వద్దాం రా, బావా," అని నేనే తీసుకుపోయాను.

బాగా ఎండ వచ్చింది. మంచు లేదు, గాలి లేదు. గట్టు మీద కూర్చున్నాం. ఉన్నట్టుండి, మడిలో అక్క వాళ్ల ఇంటి వైపు అంచున మేస్తున్న కొన్ని బాతులు పక్కకి జరిగాయి. తర్వాత వాటి ముందున్నవి. ఒక మనిషి పట్టేంత సందు, మనిషి నడిచినంత నెమ్మదిగా, చెరువు వైపు సాగింది. వెనక మూసుకుంటూ పోయింది. ఒక్క బాతూ అరవలేదు. కుక్కో పామో అనుకుని బైనాక్యులర్స్‌తో వెతికాను. వరి కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు.

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అక్క పోతాండాదప్పా."

నేను ఆపేలోపే మడిలోకి పరిగెత్తాడు. "రాహేలూ, నిలబడు, నేనొస్తాండా!"

గుంపంతా ఒక్కసారిగా లేచింది. ఆకాశమంతా రెక్కల చప్పుడు. అది దూరమయ్యేసరికి బావ ఖాళీ మడిలో ఒక్కడే ఉన్నాడు. సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, అక్కడ కూలబడి ఏడ్చాడు.

"నన్ను సూసే లేసిపోయినాయి. కదలకుండా కూసోని ఉంటే సరిపోయేదప్పా," అన్నాడు.

పొలం పోయింది. చెరువు ఎర్రబారింది. ఆ బాతులు మళ్లీ రాలేదు. పక్షుల సంగతి తెలిసినవాళ్లని అడిగాను. తలా ఒక కారణం చెప్పారు. నేను చూసినదానికి ఏదీ సరిపోలేదు. అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

బావ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటాడు. ఆ పొద్దు గుర్తొచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతాడు.

"నీ కాడ దుర్బీను ఉండె గదప్పా. ఆమె మొగం ఎట్లుండె?"

ఏమీ కనిపించలేదని చెప్తాను. నేనేదో దాస్తున్నానని ఆయన నమ్మకం.