వంటింటి కింద గోడ

కరీంనగర్ నడిబొడ్డున తవ్వకాల్లో పాతకాలపు గోడ ఒకటి బయటపడిందని, దాన్ని ముట్టుకున్నవాళ్లు రక్తం కక్కుకుంటారని పుకారు లేచి పది రోజులుగా కూలీలు పనిలోకి దిగడం లేదని అక్కడి మిత్రుడు ఫోన్ చేశాడు. "రేపు సాయంత్రం సభ పెడతాం, వచ్చి మాట్లాడండి" అన్నాడు. మూఢనమ్మకం మీద మాట్లాడమంటే నేను ఎన్నడూ కాదనలేదు.

ఉదయం ఆరు గంటలకు ఆదిలాబాద్‌లో బస్సెక్కాను. ఉట్నూరు దాకా చలి. పక్క సీట్లో బోథ్ నుంచి వచ్చిన పత్తి రైతు. నేను ఎక్కడికి పోతున్నానో విని ఆయన కళ్లు పెద్దవి చేశాడు.

"గా గోడ నేను చూసిన సారూ. ఒక్కో ఇటికె ఇంత లావున్నది. మనుషులు కట్టేదా గది? రాక్షసుల పని."

"అంతటి రాక్షసులు కొండరాళ్లు పేర్చాలి గానీ ఇటుకలు కాల్చుకుంటూ కూర్చుంటారా?"

"నీతోని వాదం పెట్టుకుంటే మధ్యల బస్సు దిగాలె" అని నవ్వి కండువా ముఖం మీదికి లాక్కున్నాడు.

లక్సెట్టిపేటలో పది నిమిషాలు ఆగారు. ఉప్మా బాగుంది, చాయ్ బాగాలేదు. గోదావరి దాటి కరీంనగర్ చేరేసరికి పదకొండు ఇరవై. బస్టాండు నుంచి నడకే. సెల్‌ఫోన్ దుకాణాల వరుస వెనక, కోచింగ్ సెంటర్ గోడకు ఆనుకుని ఆ స్థలం ఉంది. టికెట్టు లేదు, బోర్డు లేదు. నిలువెత్తు గుంత. గుంత అంచు మీద మట్టి పొరలు స్పష్టంగా కనిపిస్తున్నాయి: పైన ప్లాస్టిక్ కవర్లు, కింద పెంకులు, ఇంకా కింద బూడిద. అడుగున ఆ గోడ. ఒక ఇటుక మీద, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో గీసిన వేళ్ల గుర్తులున్నాయి. కిందికి దిగి నా వేళ్లు పెట్టి చూశాను, సరిగ్గా సరిపోయాయి.

గట్టు మీద ఇద్దరు కూలీలు కూర్చున్నారు. రక్తం సంగతి ఎవరు చెప్పారని అడిగితే ఇద్దరూ కాపలాదారు ఖాజా వైపు చూపించారు. ఆయనకు యాభై ఏళ్లుంటాయి. ఇల్లు గుంతకు ఆనుకునే ఉంది.

"ఎవరు కక్కారు? నువ్వు చూశావా? పేరు చెప్పు!" నా గొంతు సభలో లేచినట్టు లేచింది.

"జర మెల్లగ సార్. ఇంట్లకు రాండ్రి, చాయ్ తాగుదాం."

వంటింట్లో ఆయన భార్య రహీమా చాయ్ పోస్తూ మా మాటలు కాసేపు విన్నది. "చెప్పరాదూ జీ. పెద్దమనిషిని ఎందుకు తిప్పుతున్నవ్?" అన్నది.

ఖాజా పొయ్యి పక్కన చాప ఎత్తాడు. నల్లా పైపు కోసం తవ్వినచోట అదే లావు ఇటుకలు. బయటి గోడ నేరుగా ఈ ఇంటి కిందికే వచ్చింది.

"ఇంకో నాలుగు దినాలు తవ్వితే ఈడికి వస్తరు. మా బాపు కట్టిన ఇల్లు సార్. ఇంకోటి లేదు. అందుకే గట్ల చెప్పిన."

అబద్ధం వల్ల ఎవరికి లాభం అని నేను ముప్పై ఏళ్లుగా వేదికల మీద అడుగుతున్నాను. జవాబుగా ఒక వంటిల్లు నా ముందుకు రావడం ఇదే మొదటిసారి.

"నేను బయటపెట్టను. నువ్వే చెప్పు" అన్నాను చివరికి.

"చెప్తే ఇల్లు పోతది. అప్పుడు మాతోని ఉంటరా, బస్సెక్కి పోతరా?"

"బస్సెక్కుతాను. కానీ ఇల్లు తీయొద్దని దరఖాస్తు రాసి ఎక్కుతాను. పిలిచినప్పుడల్లా వస్తాను."

ఆయన భార్య వైపు చూశాడు. "మనం చెప్పకుంటే గోడనే చెప్తది. పిలువు మేడమ్‌ను" అన్నది రహీమా.

తవ్వకాలు చూసే మేడమ్ వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడిచి, పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని టేపు పెట్టి కొలిచింది. "ఇంటి సంగతి నా చేతుల్లో లేదు. ఇల్లు కదపకుండా తవ్వే దారి చూడమని పైకి రాస్తాను. మాట మాత్రం ఇవ్వలేను" అన్నది. నిజాయితీగల మాట. ఆ మాట వాళ్లకు ధైర్యమైతే ఇవ్వలేదు. దరఖాస్తు నేను అక్కడే, బియ్యం డబ్బా మూత మీద పెట్టి రాశాను. ఖాజా, రహీమా సంతకాలు చేశారు.

తర్వాత ఖాజా గట్టు మీదికి పోయి కూలీలతో, "రక్తం లేదు, గిక్తం లేదు. నేనే అబద్ధం చెప్పిన" అన్నాడు.

"పది దినాల సంది మా అవ్వ నాకు దిష్టి తీస్తున్నది గద భాయ్! నా చుట్టు తిప్పిన మిరపకాయలన్ని నీ ఇంట్లనే పొయ్యాలె!" అంటూ చిన్నవాడు పార అందుకుని గుంతలోకి దిగాడు.

సాయంత్రం సభ వద్దని మిత్రుడికి చెప్పాను. నేను చెప్పవలసిందేమీ మిగల్లేదు. మూడు గంటల బస్సు దొరికింది. గోదావరి దాటాక సీటుకు తల ఆనించి, మీకోసం దారి గుర్తులు రాసుకున్నాను: బస్టాండు నుంచి పది నిమిషాల నడక, కోచింగ్ సెంటర్ పక్క సందు, ఖాజాను అడిగితే గుంత చూపిస్తాడు. గోడ మిగతా ముక్క చూడాలంటే రహీమా అనుమతి అడగండి. లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు విడవండి. ఏ గుడి ముందూ చెప్పులు విడవని నేను చెబుతున్నాను. అది వాళ్లు ఇంకా అన్నం వండుకుంటున్న ఇల్లు.