అవ్వ పరిచిన పత్తి

మొన్న ఊరి నుంచి అమ్మ పంపిన సంచిలో నల్లమట్టి, దాని మీద పాత చీర ముక్కలో చుట్టిన పత్తి ఉన్నాయి. కోవిల్‌పట్టిలో బస్సెక్కించిన ఆ సంచిని విరుదునగరంలో దించుకుని చిన్నమ్మ ఇంటికి మోసుకొచ్చాను. మాకు క్రిస్మస్ పనులు మొదలయ్యేది ఈ సంచితోనే. మట్టిని పళ్ళెంలో పరిచి రాగులు చల్లితే, పండగనాటికి మొలకలు లేచి ఏసు పుట్టుకను చూపే బొమ్మల పశువులపాక ముందు పచ్చిక అవుతుంది. పత్తి సంగతి చెప్పాలంటే మాత్రం మా అవ్వ గురించి చెప్పాలి.

అవ్వ చిన్నకూతురైన మా చిన్నమ్మ, క్రైస్తవుల ఇంటి తమిళ బడిపంతులుని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అవ్వ ఆమెతో మాట మానేసింది. నిండు నెలల్లో చిన్నమ్మ పురుటికని ఊరికి వస్తే తలుపు తీయలేదట. వాకిట్లో కాసేపు నిలబడి, చిన్నమ్మ మళ్ళీ బస్సెక్కిందట. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని మాట ఇది. ఒక మధ్యాహ్నం పత్తి ఏరుతూ అమ్మ నాకు చెప్పింది. కొన్నేళ్ళకు, అమ్మ పట్టుబట్టి, నా కాలేజీ చదువు కోసం నన్ను ఆ ఇంట్లోనే పెట్టింది. అవ్వ అడ్డు చెప్పలేదు. అలాగని ఆ గడపా తొక్కలేదు.

అక్కడ నా మొదటి డిసెంబరులో నాకు అన్నీ వింతే. వేయించిన పెసల వాసన, బెల్లం పాకం, వాకిట్లో కాగితం నక్షత్రం. అన్నిటికన్నా పెద్ద వింత ఆ పాక. ఆవులు, గొర్రెలు, తల్లి, తండ్రి అందరూ ఉన్నారు, మధ్యలో తొట్టి మాత్రం ఖాళీ. బిడ్డ బొమ్మ చిన్నమ్మ బీరువాలో చీరల మధ్య ఉంది. పండగ రాత్రి ఏసు గుడికి వెళ్ళొచ్చేదాకా బయటికి రాదట. ఎందుకని అడిగితే చిన్నాయన, “ఎదురుచూడడమూ పండగే పాపా” అన్నాడు. డైరీలో రాసుకున్నాను. చిన్నాయన పుస్తకాల్లో ఆ బిడ్డ పుట్టిన కథా చదివాను. అర్థమైందనే అనుకున్నాను.

పండగ ముందురోజు అవ్వ కంటి పరీక్షకని అమ్మతో విరుదునగరం వచ్చింది. తిరుగు బస్సుకు ఇంకా సమయం ఉందని అమ్మ ఆమెను మెల్లగా ఇంటికి తీసుకొచ్చింది. “నీడకి కూచుంటా, అంతే” అంటూ అవ్వ తన నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని గుమ్మం లోపల చాప అంచున కూర్చుంది. చిన్నమ్మ పిండి ఉండలు చుడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూడరు. అవ్వ చూపు పాక మీద పడింది. ఆవు మంచి జాతిదేనని ఒప్పుకుంది. తర్వాత నన్ను అడిగింది:

“ఏమ్మే, తొట్టి ఒట్టిగా ఉండాదే. బిడ్డేడి?”

“రేత్రికి పుడతాడని చెప్పు” అంది చిన్నమ్మ, ఆమె కూడా నాతోనే.

“నిండు మనిసిని ఆవుల కొట్టంలో ఏంటికి పండబెట్టినారంట?”

“ఊళ్ళో ఎవరూ చోటియ్యలేదని చెప్పు.”

“అయ్యో పావం! అమ్మగారిల్లు లేదా ఆ పిల్లకి?”

చిన్నమ్మ చేతులు ఆగిపోయాయి. అమ్మ నేల చూసింది. తానడిగిన మాట అవ్వకూ అప్పుడే వినబడినట్టుంది. తర్వాత సంచిలోంచి ఆసుపత్రిలో ఇచ్చిన దూది తీసి, పాక దగ్గరికి జరిగి, తొట్టిలో గడ్డి మీద పరిచింది.

“గడ్డి గుచ్చుకుంటాది పచ్చిబిడ్డకి. మన చేని పత్తి అయితే ఇంకా మెత్తగా ఉండును” అని, తలెత్తకుండానే, “నీ బిడ్డని దేంట్లో పండబెట్టినావే?” అంది.

ఈసారి నన్ను కాదు.

“నా చీరలోనేమ్మా” అంది చిన్నమ్మ.

అవ్వ వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. “దప్పికగా ఉండాది. నీళ్ళియ్యే” అంది. పక్కన సీసా నిండుగానే ఉంది. చిన్నమ్మ పిండి చేతులతోనే లోపలికి పరుగెత్తింది.

ఇప్పుడు అవ్వకి బస్సెక్కే ఓపిక లేదు. పత్తి మాత్రం ఏటా వస్తుంది. గుడి నుంచి రాగానే దాని మీద బొమ్మను పడుకోబెట్టేది అవ్వ తలుపు తీయనినాడు చిన్నమ్మ కడుపులో ఉన్న కొడుకే. ఇప్పుడు చిన్నమ్మ కన్నా పొడవు. క్యాలెండరులో పండగ ఏటా అదే తేదీకి వస్తుంది. మా అవ్వ దాకా రావడానికి మాత్రం దానికి అన్నేళ్ళు పట్టింది.